మందు లేకుండా విస్కీ రుచి: మన దగ్గర దొరికేవాటితో ఎలాగ చెయ్యాలి?

రాజాం_రోడ్డు
గురువారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారమండీ. వచ్చే నెల మా పెదనాన్నగారి రిటైర్మెంటు. రాజాంలోనే, ఇంటి మేడ మీద భోజనాలు. మా బంధువుల్లో తాగేవాళ్లు ఎంతమందో తాగనివాళ్లూ అంతేమంది. తాగేవాళ్ల కోసం సీసాలు, ఐసు, వేయించిన జీడిపప్పు, చేప వేపుడు అన్నీ పద్ధతిగా అమరుతాయి. తాగనివాళ్లకి మాత్రం కాగితం గ్లాసులో తియ్యటి కూల్‌డ్రింకు పోసి ఇచ్చీస్తాం. యాభై ఏళ్లు దాటిన మనిషికి, అక్కడ ఆడుకుంటున్న పిల్లలకిచ్చిందే ఇస్తాం. ఒక గుటకేసి పక్కన పెట్టీసి, భోజనాలెప్పుడా అని చూస్తుంటారు. నాకిది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఈసారి వాళ్లకీ శ్రద్ధగా చేసిందొకటి ఇవ్వాలని ఉంది. చుక్క మందు ఉండకూడదు. గొంతులో కాస్త మంట తగలాలి, నాలుక మీద వగరు నిలవాలి, ఒక్క గుక్కలో తాగీలేనిదై ఉండాలి. విస్కీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. నెట్‌లో చూసినవన్నీ ఓక్ చెక్కలు, పేరు తెలియని సిరప్పులు అడుగుతున్నాయి. రాజాం, శ్రీకాకుళం, విజయనగరం బజార్లలో దొరికేవాటితో అవుతుందా? 40 మందికి చెయ్యాలి.

కోట_బురుజు
గురువారం, రాత్రి 10:02

తమ్ముడూ, చాలా ఏళ్లు విశాఖలో హోటల్ బార్లో పనిచేసి ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. ఇది నాకు బాగా ఇష్టమైన విషయం, కొంచెం పొడుగ్గా చెప్తాను.

అందరూ వాసనతో మొదలుపెడతారు. వెనిలా నాలుగు చుక్కలు, కాస్త పొగ, రంగుకి బెల్లం. తాగితే తియ్యటి నీళ్లే. ఎందుకంటే విస్కీలో 40 శాతం, ఆపైన ఆల్కహాలే ఉంటుంది. మంట, చిరుచేదు, నోట్లో బరువు, ఇవన్నీ దాని పని. ముందు ఇవి కట్టుకోవాలి. వాసన ఆ తర్వాత.

మిగతాది పీపా ఇస్తుంది. స్కాచ్ అనిపించుకోవాలంటే కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాలో ఉండాలని చట్టం. అమెరికావాళ్ల బోర్బన్‌కైతే లోపల కాల్చిన కొత్త ఓక్ పీపానే వాడాలి. ఆ కాలిన చెక్కలోంచి వెనిలా వాసన దిగుతుంది, లవంగంలో ఉండే యూజెనాలే దిగుతుంది, కొబ్బరిని గుర్తుచేసే లాక్టోన్లు దిగుతాయి, వగరునిచ్చే టానిన్లు దిగుతాయి. మనకి ఓక్ లేదు సరే, ఆ రుచులు వేరేచోట లేవా? లవంగం పోపులపెట్టెలో ఉంది. వగరు టీపొడిలో ఉంది.

ఇంకో సంగతి. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సీసాల్లో చాలావాటికి మూలం చెరకు మొలాసిస్ (పంచదార తీశాక మిగిలే మడ్డి) నుంచి తీసిన స్పిరిట్. దానికి కొంత మాల్ట్ విస్కీ కలుపుతారు. మన మావయ్యలకి, బాబాయిలకి విస్కీ అంటే నాలుకకి తెలిసిన రుచి అది. కాబట్టి బెల్లం వాసన ఇక్కడ పరాయిది కాదు. పునాది దానిమీదే వెయ్యొచ్చు. తాటిబెల్లమైతే ఇంకా మంచిది, కట్టెల పొయ్యి మీద కాగుతుంది కనుక కాస్త పొగ వాసన దానికి ముందే ఉంటుంది.

మంట గురించి ఇక్కడ చదువుకున్నవాళ్లెవరైనా చెప్తే బాగుంటుంది. నేను చేత్తో నేర్చుకున్నానే గానీ కారణం వివరించలేను.

అణువులు_వాసనలు
గురువారం, రాత్రి 10:40

నేను చెప్తాను బాబాయ్. ఎచ్చెర్లలో కెమిస్ట్రీ చదువుతున్నాను.

మన నోట్లో, గొంతులో వేడిని పసిగట్టే గ్రాహకం ఒకటి ఉంటుంది, పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా 42 డిగ్రీల దగ్గర అది మేలుకుని "కాలుతోంది" అని మెదడుకి చెప్తుంది. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు 34 డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. మన ఒంటి వేడే అంతకంటే ఎక్కువ కదా. అందుకే చల్లటి విస్కీ కూడా మండినట్టుంటుంది.

మిరపలో ఉండే క్యాప్సేసిన్, మిరియాల్లో ఉండే పైపెరిన్, అల్లంలో ఉండే జింజెరాల్ తట్టేది కూడా ఆ గ్రాహకాన్నే. అంటే మంటకి మందు అక్కర్లేదు. కానీ మూడూ ఒక్కలాగ మండవు. మిరప పెదాల మీదా నాలుక మీదా పట్టుకుని ఎంతకీ వదలదు. విస్కీ మంట అలా కాదు, గొంతులో దిగి పోతుంది. దానికి దగ్గరది అల్లం, వెనక మిరియం. పచ్చి అల్లం కంటే శొంఠి ఘాటెక్కువ, ఎండేటప్పుడు జింజెరాల్ కొంత షోగాల్ అనే ఇంకా ఘాటైన పదార్థంగా మారుతుంది. మిరియం, పిప్పలి ఘాటు నీళ్లలో అంత తేలిగ్గా దిగదు, కచ్చాపచ్చాగా దంచి మరిగించి కొంతసేపు మూతపెట్టి ఉంచాలి.

శ్రీరామనవమి పానకంలో మనవాళ్లు బెల్లానికి శొంఠినీ మిరియాన్నీ జత చేశారంటే ఊరికే కాదు.

చోడి_అంబలి
శుక్రవారం, ఉదయం 6:20

ఏటి బాబూ, విస్కీ విస్కీ అంటున్నారు గాని మాల్టు మాటెవరూ ఎత్తలేదు. మాది సాలూరు దగ్గర. మా ఇంట్లో చోళ్లు (రాగులు) మొలకెత్తించి పిండి పట్టించీడం మా అమ్మ కాలం నుంచీ ఉంది. మా మనవడు చెప్పాడు, విస్కీకి బార్లీని కూడా ఇలాగే నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడతారట. అదే మాల్టు.

చోళ్లు రాత్రంతా నానబెట్టీసి, గుడ్డలో మూటకట్టి చీకటిగా ఉండేచోట పెట్టండి. మజ్జమజ్జన నీళ్లు చల్లండి. తెల్లగా చిన్న మొలక కనిపించగానే తీసీసి ఎండలో ఆరబొయ్యండి. గలగలలాడీలా ఎండాక అరిచేతులతో నలిపితే మొలకలు రాలిపోతాయి, చెరిగీండి. తర్వాత మంగలంలో, లేకపోతే మందపాటి మూకుట్లో సన్నటి సెగ మీద దోరగా వేపండి. ఆ వాసన ఇంటి నిండా వస్తాది. బిస్కెట్టు వాసన కాదు, పాల వాసన కాదు, అదోరకం కమ్మదనం. పిండి వద్దు, రవ్వలాగ విసురుకోండి, లేకపోతే వడకట్టడం మహా కష్టం.

మరిగే నీళ్లలో వెయ్యకండి. వేలు పెట్టలేనంత వేడి ఉండాలి గాని తెర్లకూడదు. అలాగ అరగంట మూతపెట్టి ఉంచితే గంజిలాగ చిక్కబడకుండా పలచగా, తియ్యగా వస్తాది. అప్పుడు పల్చటి గుడ్డలో తేటని వంచీండి.

అణువులు_వాసనలు
శుక్రవారం, ఉదయం 7:05

అమ్మమ్మా, మీరు చెప్పిన ఆ అరగంటలో జరిగేదే విస్కీ కర్మాగారంలో మొదటి పని. మొలకెత్తిన గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ పుడుతుంది, అది పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడుతుంది. 60, 65 డిగ్రీల దగ్గర బాగా పనిచేస్తుంది. తెర్లే నీళ్లలో వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. అయితే వేపేటప్పుడు మరీ నల్లగా అయితే కూడా పోతుంది, అందుకే దోరగా వేపమన్నారు మీరు. వాళ్లు ఆ తియ్యటి నీళ్లకి ఈస్టు కలిపి పులియబెడతారు. మనం అంతకుముందే ఆగిపోతాం.

రాజాం_రోడ్డు
శుక్రవారం, ఉదయం 8:30

అమ్మా, ఇది నాకు తట్టనే లేదు. చోడి మాల్టు మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. చాలా సంతోషం.

పొగ సంగతి ఎవరైనా చెప్పండి. లాప్సాంగ్ అని పైన్ కట్టెల పొగలో ఆరబెట్టిన చైనా టీ వాడమని ఒకచోట చదివాను. ఇక్కడ దొరకదు.

పలాస_పప్పు
శుక్రవారం, ఉదయం 9:10

మా దగ్గర జీడిపిక్కల తొక్కలు బోలెడు. బాగా మండుతాయి, పొగా దట్టంగా వస్తుంది. వాటితో పొగ పట్టించీవచ్చు కదా?

ఉద్దానం_కొబ్బరి
శుక్రవారం, ఉదయం 9:25

వద్దు అన్నయ్యా, అది మాత్రం అస్సలు వద్దు. జీడిపిక్క తొక్కలో నూనె ఉంటుంది కదా, ఒలిచేవాళ్ల చేతులు నల్లబడి పుళ్లు పడేది దానివల్లే. ఆ తొక్క కాలిన పొగ కళ్లకి, గొంతుకి, ఊపిరికి మంచిది కాదు. తాగేదానికి తగలనివ్వకూడదు. కర్రల షాపులో మిగిలిన ముక్కలు, రంగేసిన చెక్క, పాత బల్ల చెక్క కూడా పనికిరావు. వాటికి ఏ మందులు కొట్టారో తెలీదు.

కొబ్బరి చిప్ప వాడండి. మాది కవిటి, మాకు చిప్పలకి కొదవేటి. పీచు పూర్తిగా గోకీసి, లోపల కొబ్బరి లేకుండా గీకి, రెండ్రోజులు ఎండబెట్టండి. అరచేతిలో సగం ఉండే ముక్క చాలు. పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంట మీద అంటించి, మంట ఆరి కణకణలాడుతూ పొగ మాత్రం వచ్చేదాకా ఆగండి. దాన్ని స్టీలు పళ్లెంలో పెట్టి, పైన గాజు జగ్గు బోర్లించండి. తెల్లగా పొగ నిండగానే జగ్గు తిప్పి, అందులో చల్లారిన పానీయం పోసి, మూతపెట్టి ఒకసారి గుండ్రంగా తిప్పి, కాసేపు వదిలీండి. ద్రవంలోకి బొగ్గు వెయ్యక్కర్లేదు, పొగ తగిలితే చాలు.

ఇది పెరట్లోనో మేడమీదో చెయ్యండి. తలుపులు మూసిన వంటింట్లో వద్దు. జగ్గు అంచున గోధుమరంగు జిగురు పట్టిందంటే పొగ ఎక్కువైనట్టే. అది తారు, కడిగీండి. మొదటిసారి పొగ చాలలేదనిపించినా ఫరవాలేదు, రెండోసారి పట్టించొచ్చు. ఎక్కువైతే మాత్రం తియ్యలేం.

పలాస_పప్పు
శుక్రవారం, ఉదయం 9:31

అర్థమైంది చెల్లెమ్మా. చిప్పే వాడదాం.

పొందూరు_సన్నఖద్దరు
శుక్రవారం, మధ్యాహ్నం 1:45

అందరూ సరదాగా మాట్లాడుకుంటున్నారు, మధ్యలో అడ్డు తగులుతున్నందుకు ఏమీ అనుకోకండి. తాగనివాడికి ఆ రుచి ఎందుకు చూపించాలి? మాలేసుకున్న స్వామికి, మొక్కుకుని మానేసినవాడికి, ఎప్పుడూ ముట్టనివాడికి ఇది విస్కీలాగే ఉంటుంది తాగు అని చేతిలో పెట్టడం నాకు సబబుగా అనిపించట్లేదు. మద్యంవల్ల ఇళ్లు గుల్లవడం మన పల్లెల్లో కళ్లారా చూస్తున్నాం. ఆ రుచికి గౌరవం తెచ్చిపెట్టే పని మనం ఎందుకు చెయ్యాలి? చల్లటి మజ్జిగ ఇవ్వండి, నిమ్మ షర్బత్ ఇవ్వండి.

రాజాం_రోడ్డు
శుక్రవారం, మధ్యాహ్నం 2:20

మీ మాట కొట్టిపారేసేది కాదండీ. నేను ఆలోచించింది ఒక్కటే. సాయంత్రం ఏడింటి నుంచి తొమ్మిదిన్నర దాకా పదిమంది కూర్చుని మాట్లాడుకుంటారు. మజ్జిగైతే ఒక్క నిమిషంలో అయిపోతుంది. తర్వాత చేతిలో ఖాళీ గ్లాసు. పక్కన కూర్చున్నవాళ్లు "ఒక్క పెగ్గే కదా బావా" అని మొదలెడతారు. మా చిన్నమావయ్యని అలాగే మొహమాటపెట్టి తాగించడం చూశాను. చేతిలో నెమ్మదిగా తాగేదొకటి ఉంటే ఆ ఒత్తిడి చాలా తగ్గుతుంది. మాల వేసుకున్నవాళ్లకి, మొక్కున్నవాళ్లకి ఇది ఇవ్వను, వాళ్లకి పానకమో మజ్జిగో వేరుగా ఉంటుంది. మీరు చెప్పారు కాబట్టి జగ్గు మీద ఏముందో రాసి పెడతాను, ఎవరూ తెలియకుండా తాగకూడదు.

పొందూరు_సన్నఖద్దరు
శుక్రవారం, మధ్యాహ్నం 2:50

మొహమాటం సంగతి నిజమే. రాసి పెడతానన్నారు, ఆ మాట బాగుంది.

తమ్ముడి_కోసం
శుక్రవారం, రాత్రి 11:10

ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు చూశాను. మా తమ్ముడు కొన్నాళ్లుగా మందు మానేశాడు. ఆసుపత్రిలో చూపిస్తున్నాం, మాత్ర ఇచ్చారు. అది వేసుకుంటూ తాగితే వాంతులు, గుండెదడ వస్తాయని చెప్పారు. సాయంత్రమయ్యేసరికి వాడికి చేతులు ఊరికే ఉండవు, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతాడు. ఈ చర్చ చూసి, ఇది చేసిస్తే వాడికి ఊరటగా ఉంటుందేమో అనిపించింది. ఇవ్వొచ్చా?

నాగావళి_నర్సు
శనివారం, ఉదయం 5:50

అక్కా, ఇప్పుడే డ్యూటీ దిగి చూశాను. మీరు అడిగి మంచి పని చేశారు.

మీరు చెప్పిన లక్షణాలనిబట్టి ఆ మాత్ర డైసల్ఫిరామ్ అయ్యుండొచ్చు, చీటీ మీద చూసుకోండి. అదే అయితే సీసాలో మందే కాదు, తిండిలో దాగి ఉన్న ఆల్కహాల్ కూడా పడదు. వెనిగర్, కొన్ని సాసులు, దగ్గు సిరప్పులు, మౌత్‌వాష్ అన్నీ జాగ్రత్తగా చూడాలి. మాత్ర ఆపేశాక కూడా రెండు వారాల వరకు దాని ప్రభావం ఉండొచ్చు.

ఈ వంటకాల్లో రెండుచోట్ల ఆల్కహాల్ తెలియకుండా వచ్చి చేరుతుంది. ఒకటి వెనిలా ఎక్స్‌ట్రాక్ట్. అమెరికా ప్రమాణం ప్రకారం అందులో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉంటుంది. మన కిరాణాల్లో దొరికే ఎసెన్సుల్లో కొన్ని వేరే ద్రావకంతో చేస్తారు, లేబుల్ చదివే కొనాలి. రెండోది కాక్‌టెయిళ్లలో చేదుకి చుక్కలుగా వేసే బిట్టర్స్. అంగోస్తురా అనే బ్రాండు బిట్టర్స్ సీసా మీద 44.7 శాతం అనే ఉంటుంది. చుక్కలే కదా అని మిగతావాళ్లు వేసుకుంటారేమో గాని, మీ తమ్ముడికి చుక్క కూడా వద్దు. నాన్ ఆల్కహాలిక్ అని రాసి ఉన్న బీరుల్లో కూడా కొన్నిట్లో 0.5 శాతం దాకా ఉంటుంది.

అన్నీ తీసేసి శుభ్రంగా చేసినా, మానుతున్న మనిషికి విస్కీ నకలు ఇవ్వడం నాకిష్టం లేదు. ఆ వాసన, ఆ గ్లాసు, గొంతులో ఆ మంట తగలగానే మెదడు పాత దారి పట్టొచ్చు. అందరికీ అలా కాదు, కొందరికి ఊరటగానే ఉంటుంది. కానీ ముందే తెలుసుకునే మార్గం లేదు. వాడితో మాట్లాడి, చూస్తున్న డాక్టరునడిగి నిర్ణయించుకోండి. సాయంత్రం చేతికి ఏదో కావాలన్నది మాత్రం నిజమైన అవసరం. దానికి వేరే రుచి వెతుకుదాం, ఇక్కడున్నవాళ్లు సాయం చేస్తారు.

ఇది చదివే మిగతావాళ్లకి కూడా ఒకటి చెప్పాలి. రోజూ ఎక్కువగా తాగే మనిషి చేత ఒక్కసారిగా మాన్పించి, బదులుగా ఈ పానీయం ఇచ్చి ఊరుకోకండి. వణుకు, ఫిట్స్ రావచ్చు, రెండుమూడు రోజుల్లో మతి తప్పొచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. ఆసుపత్రిలో డాక్టరు చూస్తుండగా మానాలి. 14446 నంబరుకి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా చెప్తారు.

తమ్ముడి_కోసం
శనివారం, ఉదయం 6:30

చీటీ చూశాను, అదే మాత్ర. మీరు చెప్పకపోతే వెనిలా సంగతి నాకు తెలిసేది కాదు. దండాలమ్మా.

కోట_బురుజు
శనివారం, ఉదయం 10:15

నర్సు తల్లి చెప్పింది అందరూ రెండుసార్లు చదవండి. బార్లో పనిచేసిన నేను కూడా అదే చెప్తాను.

ఇక రాజాం తమ్ముడి పనికి వద్దాం. లీటరు నీళ్ల లెక్కన చెప్తాను.

బార్లీ గింజలు 50 గ్రాములు. మందపాటి మూకుట్లో కాఫీ గింజ రంగు వచ్చేదాకా వేపు. జపాన్‌వాళ్లు వేపిన బార్లీతో రోజూ టీ కాచుకుంటారు, మనకి కావలసిన కాలిన గింజ రుచి అదే. కచ్చాపచ్చాగా దంచి లీటరు నీళ్లలో ఇరవై నిమిషాలు సన్నసెగ మీద మరిగించు. అందులోనే అయిదు గ్రాముల శొంఠి, పది మిరియాలు, రెండు పిప్పళ్లు దంచి వెయ్యి. పిప్పళ్లు మన్యం వైపు నుంచి వస్తాయి, మూలికల దుకాణంలో అడుగు. లవంగాలు రెండే. మూడోది వేశావంటే పళ్ల డాక్టరు గది వాసన వస్తుంది, అక్కడ వాడేది కూడా యూజెనాలే కదా. వేలి గోరంత దాల్చినచెక్క. అంతే, యాలకులు వద్దు, వాటి వాసన పాయసం వైపు లాక్కుపోతుంది.

పొయ్యి కట్టేశాక రెండు చెంచాల టీపొడి వేసి ఆరేడు నిమిషాలు మూతపెట్టు. మామూలు టీకైతే అంతసేపు ఉంచం. ఇక్కడ నాలుక ఆరిపోయినట్టుండే ఆ వగరే కావాలి. పాలు లేవు కాబట్టి అది పూర్తిగా తెలుస్తుంది. అప్పుడు వడకట్టు.

చేదుకి, రంగుకి రెండు చెంచాల పంచదారని పొడి గిన్నెలో ముదురు గోధుమరంగు దాటి నల్లబడబోయేదాకా కాల్చి, దూరంగా నిలబడి కొంచెం నీళ్లు పొయ్యి. చిందుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకు. దీన్ని ఆ లీటరులో కలుపు. తాటిబెల్లం 25 గ్రాములు చాలు. ఇది తియ్యగా ఉందని ఎవరైనా అంటే పని చెడినట్టే. చిటికెడు ఉప్పు. అమ్మ చెప్పిన చోడి మాల్టు తేట ఒక కప్పు. వెనిలా లేబుల్ చూసి, ఆల్కహాల్ లేనిదైతే రెండు చుక్కలు, లేకపోతే మానెయ్యి, దానికోసం ఏదీ ఆగదు.

చల్లారాక కొబ్బరి చిప్ప పొగ. గ్లాసులో పోసేటప్పుడు కమలా తొక్క ముక్కని పైన విరిచి పిండు, ఆ నూనె తుంపర పానీయం మీద పడాలి. ఆల్కహాల్ ఉంటే అది ఎగిరిపోతూ వాసనని ముక్కుదాకా మోసుకొస్తుంది. ఇక్కడ అది లేదు కనుక పైనుంచి వాసన మనమే అందించాలి. మరీ చల్లగా ఇవ్వకు, చలికి వాసన ముడుచుకుపోతుంది. పెద్ద ఐసుముక్క ఒకటి చాలు.

రాజాం_రోడ్డు
ఆదివారం, సాయంత్రం 6:40

ఈరోజు చేశాను బాబాయ్. మంట భలే కుదిరింది, గొంతులో దిగి రెండు క్షణాల్లో పోతోంది. వగరూ ఉంది. పొగ వాసనకి మా నాన్నగారు ఆశ్చర్యపోయారు. ఒక్కటే లోటు, నోట్లో పలచగా ఉంది. మింగాక ఏమీ మిగలట్లేదు.

అణువులు_వాసనలు
ఆదివారం, సాయంత్రం 7:00

నీళ్లలో ఆల్కహాల్ కలిస్తే చిక్కదనం పెరుగుతుంది, 40 శాతం దగ్గర ఆ తేడా బాగా తెలుస్తుంది. ఆ లోటు పూడ్చాలంటే తినడానికి పనికొచ్చే వెజిటబుల్ గ్లిజరిన్ గ్లాసుకి పావు చెంచా వాడతారు. మందుల షాపులో ఒంటికి రాసుకోడానికి అమ్మేది కాదు, ఫుడ్ గ్రేడ్ అని రాసుండాలి.

చోడి_అంబలి
ఆదివారం, రాత్రి 8:10

సీసా మందులెందుకు బాబూ. వేపని బార్లీ గుప్పెడు వేరే గిన్నెలో మెత్తగా ఉడకబెట్టి, ఆ గంజి తేటని వంచి కలపండి. కప్పుకి పావు కప్పు. జ్వరమొచ్చినోళ్లకిచ్చే బార్లీ నీళ్లే అవి, నోట్లో నునుపుగా ఉంటాయి.

పలాస_పప్పు
ఆదివారం, రాత్రి 8:30

భీమాళి మామిడితాండ్ర చిన్న ముక్క నానబెట్టి ఆ నీళ్లు కలిపితే? కొన్ని విస్కీల్లో ఎండిన పళ్ల వాసన వస్తుందంటారు కదా. పులుపు కూడా కాస్త తగులుతుంది.

కోట_బురుజు
ఆదివారం, రాత్రి 9:00

పలాస తమ్ముడూ, చాలా మంచి ఆలోచన. వెనిగర్ చుక్క వెయ్యమని చెప్పబోతున్నాను, ఇప్పుడు అక్కర్లేదు. తాండ్ర పులుపు చాలు. లీటరుకి బొటనవేలంత ముక్క, అంతకు మించితే మామిడి జ్యూసైపోతుంది. అమ్మ చెప్పిన బార్లీ గంజి తేట కూడా వెయ్యి రాజాం తమ్ముడూ, గ్లిజరిన్ కోసం తిరగకు.

ఉద్దానం_కొబ్బరి
సోమవారం, ఉదయం 7:15

మింగాక రుచి నిలవడానికి అతిమధురం వేస్తే ఎలా ఉంటుంది?

నాగావళి_నర్సు
సోమవారం, ఉదయం 7:50

రుచికి బాగుంటుంది చెల్లీ, కానీ వద్దు. అతిమధురం బీపీని పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. రిటైర్మెంటు ఫంక్షన్‌కి వచ్చే వయసువాళ్లలో బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

షుగరున్నవాళ్లకి బెల్లం, మాల్టు తేట, తాండ్ర అన్నీ లెక్కలోకి వస్తాయని చెప్పండి, వాళ్లకోసం అవి లేకుండా ఒక జగ్గు వేరుగా పెట్టండి. అల్సర్ ఉన్నవాళ్లకి ఈ ఘాటు పడదు. ఉద్దానం వైపు నుంచి కిడ్నీ జబ్బున్న బంధువులెవరైనా వస్తే, వాళ్లకి రోజుకి తాగాల్సిన నీళ్లకే కొలత ఉండొచ్చు, బెల్లంలో పొటాషియం కూడా ఉంటుంది. బలవంతం చెయ్యకండి.

రాజాం_రోడ్డు
సోమవారం, రాత్రి 9:20

అలాగేనండీ, రెండు జగ్గులు. 40 మందికి ఎంత చెయ్యాలి బాబాయ్? ముందురోజే చేసి పెట్టుకోవచ్చా?

కోట_బురుజు
సోమవారం, రాత్రి 9:50

మనిషికి 60 మిల్లీలీటర్ల చొప్పున రెండుసార్లు లెక్కేసుకో. అయిదు లీటర్లు సరిపోతుంది. బార్లీ, టీ, బెల్లం అయిదింతలు చెయ్యి. లవంగం, పిప్పలి మాత్రం నాలుగింతల దగ్గర ఆపి రుచి చూడు. సోడా కావాలన్నవాళ్లకి గోలీసోడా పక్కన పెట్టు, సగానికి సగం.

ముందురోజు చెయ్యొచ్చు, పొగ మాత్రం ఆ సాయంత్రమే పట్టించు. చేసింది చల్లారగానే ఫ్రిజ్‌లోకి పోవాలి. బెల్లం, మాల్టు కలిసిన నీళ్లు మన ఉక్కకి బయట పెడితే పులుస్తాయి. పులిస్తే అందులో ఆల్కహాల్ పుడుతుంది, మనం దేనికోసం ఇంత కష్టపడ్డామో అదే పోతుంది. ఫ్రిజ్‌లో అయినా రెండుమూడు రోజులు దాటనివ్వకు. మూత తీయగానే బుస్సుమంటే పారబొయ్యి.

తమ్ముడి_కోసం
మంగళవారం, సాయంత్రం 5:30

డాక్టరుగారిని అడిగాను, విస్కీ రుచి వద్దన్నారు. తమ్ముడు కూడా "ఆ వాసన నాకొద్దక్కా" అన్నాడు. కానీ సాయంత్రానికి ఘాటుగా ఏదైనా ఉంటే తాగుతానన్నాడు. మా పెరట్లో దబ్బచెట్టు ఉంది, మామిడల్లం ఉంది. వీటితో ఏమైనా అవుతుందా బాబాయ్? వెనిగర్, ఎసెన్సు ఏదీ లేకుండా.

కోట_బురుజు
మంగళవారం, సాయంత్రం 6:05

భేషుగ్గా అవుతుందమ్మా. దబ్బకాయ తొక్కని లోపలి తెల్లపొరతో సహా సన్నగా తరిగి పది నిమిషాలు నీళ్లలో ఉడికించు, చేదు అక్కడి నుంచి వస్తుంది. దింపాక దంచిన మామిడల్లం, కొంచెం పచ్చి అల్లం, నాలుగు మిరియాలు వేసి మూతపెట్టు. చెంచాడు టీపొడి అయిదు నిమిషాలు. వడకట్టి ఉప్పు, దబ్బరసం పిండు. పొగ వద్దు, లవంగం వద్దు, బెల్లం వద్దు. చల్లటి సోడాతో పొడుగు స్టీలు గ్లాసులో ఇవ్వు, చిన్న గాజు గ్లాసులో వద్దు. ఏ పూటకి ఆ పూట చెయ్యి, నిలవ పెట్టకు.

నాగావళి_నర్సు
మంగళవారం, సాయంత్రం 6:20

ఒక్క చిన్న మాట అక్కా. దబ్బ, పంపర జాతి పళ్లు కొన్ని మందుల పనిని మారుస్తాయి. మీ తమ్ముడు వేరే మాత్రలు కూడా వేసుకుంటుంటే చీటీ పట్టుకెళ్లి ఫార్మసిస్టుకి చూపించండి. వద్దంటే దబ్బ బదులు నిమ్మతొక్క వాడండి.

తమ్ముడి_కోసం
బుధవారం, రాత్రి 8:45

చూపించాను. నిమ్మతోనే చెయ్యమన్నారు. ఈ సాయంత్రం చేసిచ్చాను. చేదు ఇంకాస్త ఉండాలన్నాడు, మామిడల్లం బాగుందన్నాడు. రేపు తనే చేసుకుంటాడట. నిమ్మతొక్క ఎంతసేపు ఉడికిస్తే చేదు పెరుగుతుంది బాబాయ్?

కోట_బురుజు
బుధవారం, రాత్రి 9:00

ఇరవై నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లలోనే చల్లారనివ్వమను. అయినా చాలకపోతే కాకరకాయ చక్రం ఒక్కటి వేసి మరిగించమను. ఉప్పు మాత్రం తక్కువే వెయ్యాలి, ఎక్కువైతే చేదు అణిగిపోతుంది.